గీతలు లేని గోడ మీద నూనె నిలవదు

ఇంజన్ విప్పి, బ్లాకును వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే సిలిండర్ లోపలి గోడ తళతళ మెరుస్తుంటుంది. ‘ఇంత నున్నగా ఉంది కదా, దీనికేం రోగం?’ అనుకుంటాడు బండి తెచ్చినాయన. రోగం ఆ నునుపే. కొత్త సిలిండర్ గోడ మీద ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకుంటూ పోయే సన్నని గీతలు వేలకొద్దీ ఉంటాయి. అవి అరిగి చదునైపోయాక ఇంజన్ నూనె తాగడం మొదలుపెడుతుంది, నీలంపొగ వదులుతుంది, ఎత్తు వస్తే ఆయాసపడుతుంది. ఇంజన్ బాగుచేయించేటప్పుడు ఆ గీతల్ని కావాలని మళ్లీ గీయడమే హోనింగ్. చేతి డ్రిల్లూ, మూడు రాళ్లూ, కాస్త డీజిలూ ఉంటే కొద్ది నిమిషాల్లో అయిపోయే పని. అంత చిన్నది కాబట్టే దాన్ని ఎక్కువమంది లెక్కలోకి తీసుకోరు. డబ్బు పోసి కొన్న పిస్టనూ రింగులూ కొద్ది నెలలకే మళ్లీ పొగ పట్టాయంటే అనుమానించాల్సిన వాటిలో అదొకటి.

పశ్చిమ ప్రకాశంలో చిన్న ఇంజన్లకు చాకిరీ ఎక్కువ. మార్కాపురం, కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో వంద సీసీ బండే ఎరువుల బస్తా మోస్తుంది, పాలక్యాన్లు మోస్తుంది, ముగ్గుర్ని ఎక్కించుకుని సంతకూ పోతుంది. మిరప చేలో, పత్తి చేలో మందు కొట్టేది పెట్రోలు స్ప్రేయర్. కరెంటు తీగ చేరని చోట నీళ్లు ఎక్కించేది ఆయిల్ ఇంజన్. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ, మట్టి దారుల్లో దుమ్ముకు లోటు లేదు. దోర్నాల దాటితే శ్రీశైలం ఘాటు, గిద్దలూరు దాటితే దిగువమెట్ట మీదుగా నంద్యాల ఘాటు. ఈ బరువూ వేడీ దుమ్మూ అన్నీ చివరికి చేరేది ఒక్కచోటికే: పిస్టన్ రింగు అంచు సిలిండర్ గోడను తాకే చోటికి.

గంటకు ఇరవై కిలోమీటర్లు

పొలాల్లో చాలాకాలంగా కనిపించే 5 హార్స్‌పవర్ కిర్లోస్కర్ ఏవీ1 డీజిల్ ఇంజన్‌ను తీసుకుందాం. దాని సిలిండర్ వ్యాసం 80 మిల్లీమీటర్లు, పిస్టన్ పైనుంచి కిందికి దిగే దూరం 110 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 1,500 చుట్లు. చుట్టుకు ఒకసారి పైకీ ఒకసారి కిందికీ వెళ్లాలి కాబట్టి పిస్టన్ నిమిషానికి 330 మీటర్లు జరుగుతుంది. అంటే గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. మూడు గంటలు మడి తడిపితే ఆ రింగులు మార్కాపురం నుంచి గిద్దలూరుకు ఉన్నంత దూరం ఆ 11 సెంటీమీటర్ల గోడ మీదే రాసుకుంటూ తిరిగాయన్నమాట. 97 సీసీల హీరో స్ప్లెండర్‌లో వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 49.5. ఆ ఇంజన్ 5,000 చుట్ల మీద గంటసేపు తిరిగితే రింగు గోడ మీద నడిచేది దాదాపు 30 కిలోమీటర్లు.

ఇంత రాపిడిలోనూ ఇనుము ఇనుమును తినేయకుండా ఆపేది మధ్యలో ఉన్న నూనె పొర. ఆ పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత పల్చని పొర అంత బరువును ఎలా ఆపుతుందో లెక్కగట్టి చెప్పినవాడు మాంచెస్టర్‌లో పాఠాలు చెప్పిన ఆస్బర్న్ రేనాల్డ్స్, 1886లో. ఒక ఉపరితలం మరోదాని మీద జోరుగా కదులుతున్నప్పుడు ఆ కదలిక నూనెను వాటి మధ్య ఇరుకులోకి లాక్కుపోతుంది. బయటికి పోవడానికి దారి చాలక అక్కడ ఒత్తిడి పుడుతుంది, ఆ ఒత్తిడే పై భాగాన్ని ఎత్తి పట్టుకుంటుంది. ఈ ఏర్పాటుకు ప్రాణం వేగం. వేగం తగ్గితే పొర పల్చబడుతుంది, ఒక హద్దు దాటాక లోహానికి లోహం తగులుతుంది, రాపిడి ఒక్కసారిగా పెరుగుతుంది. జర్మనీకి చెందిన రిచర్డ్ స్ట్రిబెక్ 1902లో బేరింగుల మీద ప్రయోగాలు చేసి ఈ సంగతిని ఒక వంపు గీతలో చూపించాడు. ఇంజనీరింగ్ విద్యార్థులు ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే చదువుకుంటున్నారు.

సిలిండర్‌లో చిక్కు ఇక్కడే వస్తుంది. పిస్టన్ నడుమ భాగంలో జోరుగా వెళుతుంది కానీ పై కొసకూ కింది కొసకూ చేరినప్పుడు ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరగాలి. ఆగినప్పుడు వేగం సున్నా. పైకొస దగ్గర ఆగే సమయానికే ఇంధనం మండుతుంది, పీడనమూ వేడీ అక్కడే ఎక్కువ. నూనె పొర బాగా పల్చబడేదీ, బరువు బాగా పడేదీ ఒకే చోట, ఒకే క్షణాన. అందుకే ఏ సిలిండర్ చూసినా అరుగుదల ఎక్కువగా ఉండేది పై రింగు వెనక్కి తిరిగే చోటనే. దానికి పైన రింగు ఎన్నడూ తాకని భాగం అరగకుండా మిగిలి సన్నని గట్టులా నిలబడుతుంది. అనుభవమున్న మెకానిక్ బ్లాకు చేతిలోకి తీసుకోగానే ముందు అక్కడ గోరు పెట్టి చూస్తాడు.

గోడకు గరుకెందుకు?

పలకల ఊరైన మార్కాపురానికి ఈ సంగతి చెప్పడం తేలిక. అక్కడి పలకరాయిని గాజంత నున్నగా పాలిష్ చేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ దాని మీద బలపం జారిపోతుంది. అక్షరం పడాలంటే కంటికి ఆనని గరుకు ఉండాలి. సిలిండర్ గోడదీ అదే అవసరం. పూర్తిగా నునుపైన ఇనుము మీద నూనెను రింగు ఒక్క తుడుపులో ఊడ్చేస్తుంది. పిస్టన్ పైకొసన ఆగిన క్షణంలో ఆదుకోవడానికి అక్కడ చుక్క మిగలదు. గోడ మీద సన్నని కాలువలుంటే వాటిలో దాగిన నూనెను రింగు ఊడ్చలేదు, వేగం లేని ఆ క్షణంలో అదే అడ్డుపడి కాపాడుతుంది.

గీతలు ఉన్నంత మాత్రాన చాలదు, ఏ వాలులో ఉన్నాయన్నదీ ముఖ్యమే. హోనింగ్ రాయి తిరుగుతూ పైకి వెళ్లేటప్పుడు ఒక వాలు గీతలు, కిందికి దిగేటప్పుడు ఎదురు వాలు గీతలు పడతాయి. రెండూ కలిసి గోడంతా చిన్న చిన్న వజ్రపు గళ్లలా కనిపిస్తుంది. గీతలు కలిసే కోణం 45 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలని సాధారణంగా చెబుతారు. గీతలు మరీ నిలువుగా ఉంటే నూనె వాటి వెంట జారిపోతుంది. మరీ అడ్డంగా ఉంటే రింగు ప్రతి గీత అంచునూ తట్టుకుంటూ అదురుతుంది, నూనె గోడ మీద కావలసినదానికన్నా ఎక్కువ మిగిలి మంటలో కాలిపోతుంది. సరైన వాలు గీతల వల్ల మరో మేలుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్లలో రింగు తన గాడిలో మెల్లమెల్లగా చుట్టూ తిరుగుతూ ఉంటుంది, దాంతో అరుగుదల ఒకేచోట పడదు.

పోత ఇనుముకు ఈ పనిలో పుట్టుకతో వచ్చిన సాయం ఒకటుంది. అందులో గ్రాఫైట్ రేకులు చెదురుమదురుగా ఉంటాయి. గ్రాఫైట్ తానే జారుడు పదార్థం, పైగా ఆ రేకుల సందుల్లో కొంత నూనె దాగుతుంది. చిన్న బండి బ్లాకు బయటికి అల్యూమినియమే అయినా, లోపల పోత ఇనుప గొట్టం దిగ్గొట్టి ఉండటానికి ఇదొక కారణం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమాన ఇంజన్ల సిలిండర్లకు గట్టి క్రోమ్ పూత వేసినప్పుడు ఎదురైన ఇబ్బందీ ఇదే. క్రోమ్ అరగదు, కానీ దాని మీద నూనె నిలవదు. చివరికి ఆ పూతలోనే కావాలని సూక్ష్మమైన గుంతలు చేయాల్సి వచ్చింది.

గరుకులో శిఖరాలూ ఉంటాయి, లోయలూ ఉంటాయి. మనకు కావలసింది లోయలు. శిఖరాలు రింగును గీరతాయి, విరిగి పొడై నూనెలో కలుస్తాయి. అమెరికాలో అబట్, ఫైర్‌స్టోన్ అనే ఇద్దరు 1933లో ఉపరితలం గరుకును కొలిచే కొత్త పద్ధతి చెప్పారు. ఏ లోతు దగ్గర ఎంత లోహం ఆనుకోవడానికి మిగిలి ఉందో చూపించే వంపు అది. సిలిండర్ గోడను ఆ వంపు మీద పెట్టి చూస్తే సగటు గరుకు ఒక్కటే చాలదని తేలిపోతుంది. సగటు ఒకే అంకె వచ్చిన రెండు గోడల్లో ఒకటి సూదిమొనల అడవి కావచ్చు, మరొకటి లోతైన కాలువలున్న చదును నేల కావచ్చు. రెండోదే కావాలి. అందుకే కార్ఖానాల్లో ముందు ముతక రాయితో లోతుగా గీసి, తర్వాత సన్న రాయితో నాలుగైదు సార్లు పైపైన రాసి మొనలు మాత్రం తీసేస్తారు. షెడ్డులో పనిచేసేవారూ అదే పనిని సన్న రాయితో చివర్లో కాసేపు చేసుకోవచ్చు.

దుమ్ము కూడా హోనింగే, అడ్డగోలుగా

హోనింగ్ రాళ్లలో ఎక్కువగా వాడేవాటిలో ఒకటి సిలికాన్ కార్బైడ్. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ విద్యుత్ కొలిమిలో దీన్ని తయారుచేశాడు. మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 9కి పైన. సహజంగా దొరికే క్వార్ట్జ్ కాఠిన్యం 7. పోత ఇనుము ఈ రెండింటికీ లొంగిపోయే పదార్థమే. బంకమట్టి భూగర్భంలో ఒత్తిడికీ వేడికీ లోనై పలకరాయిగా మారినప్పుడు అందులో అభ్రకం, క్లోరైట్‌తో పాటు క్వార్ట్జ్ రేణువులు కూడా ఉంటాయి. గనుల్లో, కోత మిషన్ల దగ్గర లేచే ఆ దుమ్మే ఏళ్ల తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులకు సిలికోసిస్ తెస్తుంది. పలకరాయి పొడి ఒక్కటే కాదు, మట్టి దారి దుమ్ములోనూ ఇసుక రూపంలో ఉండేది క్వార్ట్జే.

ఇంజన్ గాలితో పాటు ఆ రేణువు లోపలికి పోతే చేసేదీ గీయడమే. హోనింగ్ రాయికీ దానికీ తేడా క్రమశిక్షణలో ఉంది. రాయి ఒక వాలులో, ఒక లోతులో గీస్తుంది, చేతిలో ఉన్నవాడు ఆపితే ఆగుతుంది. రేణువు రింగుకూ గోడకూ మధ్య ఇరుక్కుని పిస్టన్‌తో పాటే పైకీ కిందికీ పోతుంది కాబట్టి అది గీసేవన్నీ నిలువు చారలే. నిలువు చార అంటే మంట పీడనం కిందికి దిగిపోవడానికీ, నూనె పైకి ఎక్కడానికీ వేసిన దారి. నూనె పొర మందానికి సరితూగే రేణువులతో ప్రమాదం ఎక్కువ. మరీ చిన్నవి పొరలో తేలిపోతాయి, మరీ పెద్దవి సందులోకి దూరలేవు. కంటికి కనిపించే ఇసుక కంటే కనిపించని దుమ్మే ఇంజన్‌కు శత్రువు.

కనుక హోనింగ్ చేయించే ముందే ఆ దుమ్ము ఎటునుంచి వచ్చిందో కనిపెట్టాలి. పికప్ పెరుగుతుందని ఫిల్టర్ తీసేసిన బండి, కాగితం ఫిల్టర్‌ను కంప్రెసర్ గాలితో దగ్గర్నుంచి కొట్టి చిల్లులు పెట్టిన బండి, ఫిల్టర్‌కూ కార్బ్యురేటర్‌కూ మధ్య రబ్బరు గొట్టం పగిలిన బండి, స్పాంజి ఫిల్టర్ చిరిగిపోయినా అలాగే తోసేస్తున్న స్ప్రేయర్, అన్నింటిదీ ఒకటే దారి. ఆ దారి మూయకుండా బ్లాకు బాగుచేయించడం డబ్బు దండగ.

విప్పకముందు, విప్పాక

పొగ వచ్చిన ప్రతి ఇంజనూ రింగులు అడగదు. రాత్రంతా ఆపి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు గుప్పున నీలంపొగ వచ్చి ఆ తర్వాత తగ్గిపోతే అనుమానం వాల్వు సీళ్ల మీద పడాలి. బరువు లాగేటప్పుడూ, యాక్సిలరేటర్ తిప్పేటప్పుడూ పొగ ఆగకుండా వస్తుంటే, ఇంజన్ బ్రీదర్ గొట్టంలోంచి గాలి బుసకొడుతుంటే అది రింగుల పని. పెట్రోలు బండికి ఇంకో పరీక్ష ఉంది. ప్లగ్గు తీసి కంప్రెషన్ కొలవాలి, ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రెండోసారి అంకె బాగా పెరిగితే నూనె రింగు సందును కాసేపు మూసిందని అర్థం. పెరగకపోతే లీకు వాల్వుల దగ్గర.

విప్పాక తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే: హోనింగ్ చాలా, రీబోర్ కావాలా? హోనింగ్ గోడకు గరుకును తిరిగి ఇస్తుంది గానీ అరిగి కోలగా మారిన సిలిండర్‌ను గుండ్రంగా చేయలేదు. ఈ కొలతకు లేత్ షాపులో డయల్ గేజ్ ఉంటుంది. అది లేకపోయినా ఫీలర్ గేజ్ ఒక్కదానితో చాలావరకు తెలుసుకోవచ్చు. కొత్త రింగును సిలిండర్ అడుగున, అరగని చోట పెట్టి, పిస్టన్‌తో నెట్టి సమంగా కూర్చోబెట్టి రెండు కొసల మధ్య సందు కొలవాలి. అదే రింగును పైకి, బాగా అరిగిన చోటికి జరిపి మళ్లీ కొలవాలి. సిలిండర్ వ్యాసం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి 3.14 రెట్లు పెరుగుతుంది, ఆ పెరుగుదలంతా రింగు సందులోనే కనిపిస్తుంది. కింద 0.20, పైన 0.51 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం. తేడా 0.31. దాన్ని 3.14తో భాగిస్తే సుమారు 0.10. అంటే పైన సిలిండర్ పదో వంతు మిల్లీమీటరు పెద్దదైంది. 50 మిల్లీమీటర్ల సిలిండర్‌కు అది రీబోర్ గురించి ఆలోచించాల్సిన కొలత. అసలు హద్దు ఎంతో ఆయా ఇంజన్ మాన్యువల్ చెబుతుంది. ఈ లెక్కకు ఒక లోటుంది. గోడ ఒక పక్కనే ఎక్కువ అరిగిందీ లేనిదీ ఇందులో తెలియదు. కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా నెట్టడం వల్ల పిస్టన్ ఒక వైపు గోడకే ఎక్కువగా ఒరుగుతుంది కాబట్టి, ఆ కోల ఆకారం కనిపెట్టాలంటే గేజ్ తప్పదు.

రీబోర్ చేయిస్తే 0.25, 0.50 మిల్లీమీటర్ల చొప్పున పెద్దవైన పిస్టన్లు దొరుకుతాయి. అక్కడ కూడా హోనింగ్ తప్పదు. బోరింగ్ ఉలి ఇనుమును నీటుగా కోసినట్టు కనిపిస్తుంది గానీ నిజానికి చీల్చుకుంటూ పోతుంది, గ్రాఫైట్ రేకుల నోళ్ల మీద లోహాన్ని పూసేస్తుంది. ఆ చెదిరిన పొర పోవాలి. అందుకే చివరి కొలతకు 5 నుంచి 8 వందల వంతుల మిల్లీమీటరు ముందే ఉలిని ఆపి, మిగిలింది రాయితో తీయాలి. ‘ఉలితోనే సైజుకు తెచ్చేశాం, పిస్టన్ సరిపోయింది’ అంటే హోనింగ్‌కు చోటు మిగల్చలేదని అర్థం.

ఒక రకం సిలిండర్ల జోలికి మాత్రం రాయి తీసుకుని పోకూడదు. అల్యూమినియం గోడ మీద నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపి వేసే నికాసిల్ పూతను జర్మనీకి చెందిన మాలే సంస్థ 1960లలో తెచ్చింది. కేటీఎం వంటి బండ్లలో అలాంటి పూతే ఉంటుంది. యమహా ఆర్15లో సిలికాన్ ఎక్కువ కలిపిన అల్యూమినియమే గోడ. చిన్న స్ప్రేయర్లలో, చెట్లు కోసే రంపాల్లో క్రోమ్ పూత సిలిండర్లు మామూలే. ఇలాంటివాటికి రీబోర్ లేదు. గీత పడితే బ్లాకు మార్చుకోవడమే ఎక్కువగా జరిగేది. అయస్కాంతం పెట్టి చూస్తే పోత ఇనుప గోడ గట్టిగా పట్టుకుంటుంది, అల్యూమినియం పట్టుకోదు.

డ్రిల్లు వేగం, చేతి వేగం

పోత ఇనుప గోడకు మామూలు ఇనుప రింగులు వేస్తే 180 నుంచి 220 నంబరు రాయి, అంచుకు క్రోమ్ ఉన్న రింగులు వేస్తే ఇంకాస్త సన్నది, 240 నుంచి 280 దాకా. నంబరు పెరిగేకొద్దీ రాయి సన్నబడుతుంది. హోన్లు రెండు రకాలు. మూడు కాళ్లకు రాళ్లు బిగించినది ఒకటి, తీగల కొసన రాతి గుండ్లున్న బ్రష్ రకం ఇంకొకటి. బ్రష్ గోడ ఎలా ఉంటే అలా పాకుతుంది, గరుకు మాత్రమే ఇస్తుంది. రెండు స్ట్రోకుల ఇంజన్లలో గోడకు పొగ, గాలి కిటికీలు ఉంటాయి. రాయి అంచు వాటిలో తట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడ బ్రష్ నయం. పని అయ్యాక ఆ కిటికీల అంచులను నెమ్మదిగా గుండ్రం చేయాలి, లేకపోతే రింగు కొస అక్కడ చిక్కుకుంటుంది.

కోణం అనేది డ్రిల్లు తిరిగే వేగానికీ, చెయ్యి పైకీ కిందికీ ఆడించే వేగానికీ ఉన్న నిష్పత్తి. 50 మిల్లీమీటర్ల సిలిండర్ చుట్టుకొలత 157 మిల్లీమీటర్లు. డ్రిల్లు నిమిషానికి 200 చుట్లు తిరిగితే రాయి గోడ మీద నిమిషానికి 31 మీటర్లు చుట్టి వస్తుంది. గీతలు 45 డిగ్రీల్లో కలవాలంటే అదే సమయంలో రాయి నిలువునా 13 మీటర్లు కదలాలి. ఒక్కో వైపు 8 సెంటీమీటర్లు ఆడించేవాడు నిమిషానికి 80 సార్లు పైకీ కిందికీ ఆడించాలి. చెయ్యి తిరిగినవాడికి ఇది సాధ్యమే. అదే డ్రిల్లును వెయ్యి చుట్ల మీద పెడితే నిమిషానికి 400 సార్లు ఆడించాల్సి వస్తుంది, మనిషి చేతికి అది కుదరదు. ఫుల్ స్పీడులో డ్రిల్లు పెట్టిన సిలిండర్‌లో గీతలు దాదాపు అడ్డంగా పడటానికి కారణం ఇదే. డ్రిల్లును నెమ్మదింపజేసి చేతి వేగం పెంచడమే కిటుకు. ఎమరీ పేపరు వేళ్లకు చుట్టి రుద్దితే ఈ లెక్కేదీ ఉండదు. నొక్కిన చోట గుంట, నొక్కని చోట మెరుపు, కోణం దేవుడెరుగు.

రాయి ఎప్పుడూ నూనెలోనో డీజిల్‌లోనో తడుస్తూ ఉండాలి, లేకపోతే తెగిన ఇనుప రజను రాతి రంధ్రాల్ని పూడ్చేసి రాయి కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. ప్రతి ఆడింపులోనూ రాయి పొడవులో మూడో వంతు దాకా సిలిండర్ బయటికి రావాలి. రాకపోతే కొసల్లో తెగదు, నడుమ పెద్దదవుతుంది. మరీ ఎక్కువ వస్తే కొసలు గంట మూతిలా విచ్చుకుంటాయి. బ్రష్ హోన్‌ను డ్రిల్లు ఆపాక తీయకూడదు. తిరుగుతుండగానే బయటికి లాగాలి. మూడు రాళ్ల హోన్‌నైతే డ్రిల్లు పూర్తిగా ఆగేదాకా ఆడిస్తూనే ఉండి, రాళ్లను లోపలికి నొక్కిపట్టి తీయాలి. ఆగిన రాయిని అలాగే లాగితే నిలువు చార పడుతుంది, అది దుమ్ము చేసే పనే. గోడంతా ఒకే తీరులో బూడిదరంగు గళ్లు కనిపించగానే ఆపేయాలి. ఇంకాస్త రుద్దితే ఇంకాస్త బాగుంటుందనుకోవడం సిలిండర్‌ను అరగదీయడమే.

పెట్రోలుతో కడిగితే కడిగినట్టు కాదు

మంచి హోనింగ్ చేసి చివర్లో పాడుచేసుకునేది ఇక్కడే. గీతల నిండా విరిగిన రాతి రేణువులూ ఇనుప రజనూ ఉంటాయి. పెట్రోలో డీజిలో పోసి బ్రష్ ఆడిస్తే నూనె కరిగి కొట్టుకుపోతుంది, రేణువులు మాత్రం గాడి అడుగుకు చేరి కూర్చుంటాయి. గోడ శుభ్రంగా కనిపిస్తుంది. ఇంజన్ తిరిగిన మొదటి నిమిషాల్లో రింగులు ఆ రేణువులను పైకి లాగి తమ అంచునే గీసుకుంటాయి.

రేణువును పైకి తేల్చి మోసుకుపోయేది సబ్బు. వేడినీళ్లలో బట్టలుతికే పొడి కలిపి, గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో గీతల వెంట రుద్ది, కడిగి, మళ్లీ రుద్దాలి. ఆరిన వెంటనే తెల్లని పాత గుడ్డకు ఇంజన్ ఆయిల్ అంటించి గోడను తుడవాలి. గుడ్డ మీద బూడిదరంగు మరక వస్తే మళ్లీ కడగాలి, గుడ్డ తెల్లగా ఉండేదాకా. కడిగిన పోత ఇనుము చూస్తుండగానే తుప్పు పడుతుంది కాబట్టి నూనె పూయడానికి కాసేపు ఆగుదామనుకోకూడదు.

రింగును గోడకు నొక్కేది మంట

కొత్త రింగు అంచూ, కొత్త గీతల మొనలూ ఇంకా ఒకదానికొకటి కుదరలేదు. తొలి గంటల్లో అవి ఒకదాన్నొకటి కాస్త అరగదీసుకుని సరిపోవాలి. రింగును గోడకు నొక్కేది దాని స్ప్రింగు గుణమే అనుకుంటాం గానీ ఆ బలం చిన్నది, వాతావరణ పీడనానికి ఒకటి రెండు రెట్లు. అసలు బలం మంటది. సిలిండర్ పీడనం రింగు పైనుంచి దాని వెనక గాడిలోకి దూరి రింగును గోడ మీదికి తోస్తుంది. ఇంజన్ బరువు లాగేటప్పుడు ఆ పీడనం వాతావరణ పీడనానికి పదుల రెట్లు ఉంటుంది. 1850లలో ఇంగ్లాండ్ రైల్వే ఇంజనీర్ జాన్ రామ్స్‌బాటమ్ ఆవిరి ఇంజన్ల కోసం కోత ఉన్న ఇనుప రింగును తెచ్చినప్పటి నుంచి నేటి బండి దాకా రింగు పనితనానికి మూలం ఇదే.

అందువల్ల కొత్తగా కట్టిన ఇంజన్‌ను షెడ్డు ముందు గంటల తరబడి ఐడిల్‌లో తిప్పడం మేలు కాదు. పీడనం తక్కువ, రింగు గోడకు ఆనీ ఆననట్టు ఉంటుంది, నూనె పైకి ఎక్కి సగం కాలి జిగట పూతలా గీతల్లో గడ్డకడుతుంది. నెమ్మదిగా గోడ మళ్లీ మెరుస్తుంది. రెండు బల్బుల కోసం రాత్రంతా తిరిగే డీజిల్ జనరేటర్లకు వచ్చే జబ్బు కూడా ఇదే. అలాగని తొలిరోజే ముగ్గురితో శ్రీశైలం ఘాటు ఎక్కించడమూ తప్పే. మొనలు ఇంకా తెగలేదు, రాపిడి వేడి ఎక్కువ, పిస్టన్ ఉబ్బి పట్టేసే ప్రమాదముంది. వేడెక్కేదాకా మెల్లగా, వేడెక్కాక ఒక్కరే ఎక్కి కొంతసేపు కాస్త గట్టిగా లాగి, మళ్లీ వదిలి, వేగం మారుస్తూ నడపడం సరైన పద్ధతి. మార్కాపురం నుంచి తర్లుపాడు వైపో, కంభం వైపో ఉన్న మామూలు రోడ్డు చాలు. ఆయిల్ ఇంజన్‌కైతే మొదటి రోజు నుంచే పంపు తగిలించాలి, కాకపోతే సగం భారంతో. ఈ దశలో తెగిన మొనలన్నీ నూనెలోనే కలుస్తాయి కాబట్టి మొదటి ఆయిల్ మార్పు మామూలు గడువుకంటే చాలా ముందే జరగాలి.

పని బాగా కుదిరిందో లేదో చెప్పడానికి ఆయిల్ మట్టమే సాక్షి. మొదటి ఆయిల్ మార్చిన రోజు మట్టం చూసి పెట్టుకోవాలి, తర్వాత ప్రతి కొన్ని వందల కిలోమీటర్లకూ బండిని సమంగా నిలబెట్టి మళ్లీ చూడాలి. తొలి రోజుల్లో కాస్త తగ్గి, ఆ తర్వాత నిలకడగా ఉంటే రింగు గోడకు కుదిరింది. తగ్గుతూనే ఉంటే మాత్రం ఇంకా నడిపితే సర్దుకుంటుందని ఎదురుచూడటంలో లాభం లేదు. మొనలు తెగిపోయాయి, గీతలు పూడుకుపోయాయి, రింగుకు ఇక కుదిరే అవకాశం లేదు. బ్లాకు మళ్లీ ఊడదీసి, కోణం, కడుగుడు, ఫిల్టర్ ఈ మూడింటిలో తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవాలి. అది తేలకుండా రెండోసారి కొత్త రింగులు కొనకూడదు.